ముసలి కుక్కకు ఆపరేషనా?

హోసూరు నుంచి ఒక సోదరి మాకు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. వారింట తొమ్మిదేండ్ల లాబ్రడారు కుక్క ఒకటి ఉన్నదట. రెండు నెలలుగా ముందుకాలు నేల మీద ఆనించలేక కుంటుతున్నది. బెణికిందనుకొని ఆముదం రాచి మర్దనా చేశారు. తగ్గలేదు. ఇప్పుడు కింది కీలుకు కాస్త పైన ఎముక లావెక్కి చేతికి గట్టిగా తగులుతున్నదట. అక్కడి డాక్టరు చూచి, ఇది ఎముకలో పుట్టిన కంతి కావచ్చును, కాలు తీసివేయవలసి వచ్చినా రావచ్చును అన్నాడు. "మా వారు, ముసలి కుక్కకు ఆపరేషనా, వింటే నలుగురూ నవ్వుతారు అంటున్నారు. మా అబ్బాయి రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. మీ చిట్టికి ఆపరేషను చేయించినట్లు రెండేండ్ల కిందట ఈ పేజీలోనే ఒక ముక్క వ్రాశారు. మమ్మల్ని ఏమి చేయమంటారు?" అని ఆమె ప్రశ్న.

మేము డాక్టరులము కాము. పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకొని పోయి, సాయంత్రం దాకా ఫైళ్ళు కట్టి వచ్చే గుమాస్తాలము. అయినా అమ్మా, ఆనాడు మేము వ్రాసింది నిజంగా ఒక ముక్కే. ఆపరేషను జరిగింది, కుక్క కులాసా అని వ్రాసి ఊరుకొన్నాము. దానికి ముందు మేము చేసిన తప్పు వ్రాయలేదు. తరువాత ఏమయిందో అప్పటికి మాకే తెలియదు. ఇప్పుడు రెండూ వ్రాస్తాము.

చిట్టి జాతి కుక్క కాదు, నాటుది. 2012 అక్టోబరు ఆఖరున నీలం తుపాను వచ్చిన రాత్రి, పురసవాకంలో మా ఇంటి మెట్ల కింద తడిసి వణుకుతూ అరచేతిలో ఇమిడేటంత పిల్లగా దొరికింది. ఆ రాత్రికి మాత్రమే అని లోపలికి తెచ్చాము. మా అమ్మాయికి అప్పుడు ఆరేండ్లు. ఆ తరువాత సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2023 సంక్రాంతికి ముందు దానికి నీళ్ళు పోస్తూ ఉండగా, వెనుక కాళ్ళకు దగ్గరగా ఉన్న రొమ్ములో సెనగగింజంత గట్టిది ఏదో మా వేలికి తగిలింది. కొవ్వు కట్టింది కాబోలు అనుకొన్నాము. వేసవిలో అది చింతగింజ దాటింది. అప్పుడు మాకు దగ్గరలో ఉన్న ఒక డాక్టరుకు చూపించాము. ఆయన బల్ల అవతలి నుంచే చూచి, కుక్క వయసు అడిగి, "వయసాయిడుచ్చు సార్, విట్టుడుంగ" అన్నాడు. వయసైపోయింది, వదిలివేయండి అని అర్థం.

అమ్మా, దాచుకోవడమెందుకు? ఆ మాట మాకు ఎంతో హాయిగా ఉన్నది. సెలవు పెట్టనక్కరలేదు, డబ్బు తీయనక్కరలేదు, దిగులు పడనక్కరలేదు. పైగా డాక్టరే చెప్పాడు గదా! ఆయన కంతిని వేలితో ముట్టి చూడలేదని మాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట పట్టుకొని నాలుగు నెలలు నిశ్చింతగా ఉన్నాము. వినాయక చవితి నాటికి అది నిమ్మకాయంత అయింది. మా అమ్మగారు పత్రి ఏరుతూ, పక్కన పడుకొన్న చిట్టి పొట్ట వంక చూచి, "ఇది రాచపుండు లాగున్నదిరా" అన్నారు. మా ఆవిడ మా మొగం వంక చూచింది. ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

మరునాడు సెలవు పెట్టి వేపేరికి తీసికొని పోయాము. పట్నంలో పాతకాపులయిన మనవారికి ఆ పశువైద్య కళాశాల కొత్త కాదు. 1903లో సైదాపేటలో 20 మంది విద్యార్థులతో మొదలై, తరువాత వేపేరికి వచ్చింది. మా తాతగారి రోజులలో అక్కడికి జట్కా గుర్రాలను తోలుకొని వచ్చేవారట. ఇప్పుడు మాకు ముందు వరుసలో రెండు మేకలు, బుట్టలో పిల్లి, చిలుక, లెక్కలేనన్ని కుక్కలు. మా పక్కన ఆటో నడిపే కుర్రవాడొకడు వీధికుక్కను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. దానికి చాటున కంతి పుట్టి రక్తం కారుతూ ఉండేదట. వారానికి ఒక సూది చొప్పున నాలుగు వేయించాడు, కంతి కరిగి మచ్చ మాత్రం మిగిలింది. "అది కూడా క్యాన్సరే సార్" అన్నాడు మాతో, తానే డాక్టరైనట్లు. మేము నమ్మలేదు. తరువాత మా డాక్టరమ్మను అడిగితే నిజమే అన్నారు. ఆ కంతి కుక్కలు కలిసినప్పుడు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకొంటుంది. వేల ఏండ్ల కిందట ఏదో ఒక కుక్కలో పుట్టిన కణాలే ఇప్పటికీ దేశదేశాల కుక్కలలో బ్రతుకుతున్నవట. అయినా విన్‌క్రిస్టీన్ అనే మందుకు చాలవరకు లొంగిపోతుంది. పేరు ఒకటే గాని బుద్ధులు వేరన్నమాట. మాకు ఆ రోజున మొదట కలిగిన ధైర్యం ఆ ఆటో కుర్రవాని వల్లనే.

డాక్టరమ్మ చిన్నావిడ. వయసెంత అని అడిగారు. పదకొండు అని చెప్పి, మేమే ముందుగా, "ముసలిదైపోయిందండి" అన్నాము. ఆవిడ చిట్టి నోరు తెరచి చూస్తూ, "వయసు రోగం కాదు సార్. గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎట్లా ఉన్నవో చూడనివ్వండి, అప్పుడు చెబుతాను" అన్నారు. నేలమీద కూర్చొని పది రొమ్ములూ ఒక్కొక్కటిగా తడిమారు. గజ్జలలో, చంకలలో బిళ్ళలు కట్టాయేమో చూచారు. స్కేలు పెట్టి కంతిని కొలిచారు. నాలుగు సెంటీమీటర్లు. గర్భసంచి తీసే ఆపరేషను చిన్నప్పుడు చేయించారా అని అడిగారు. లేదన్నాము. మొదటి ఎద రాకముందే అది చేయించిన కుక్కలలో రొమ్ము కంతులు చాల అరుదట. మాకు అది వరకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆవిడ చెప్పింది ఇది. ఆడకుక్కల రొమ్ము కంతులలో ఇంచుమించు సగం సాధువులు, సగం దుష్టమైనవి. మూడు సెంటీమీటర్ల లోపల ఉండగా తీసివేస్తే నమ్మకం ఎక్కువ. ఐదు దాటితే బాగా తక్కువ. ఆ మాట వింటూ ఉంటే సంక్రాంతి నాటి సెనగగింజ మా వేలికి మళ్ళీ తగిలినట్లయింది. దుష్టమైనది సామాన్యంగా ముందు ఊపిరితిత్తులకు పాకుతుంది కనుక, కత్తి పట్టడానికి ముందు రొమ్ముకు ఎక్సురే తీయాలి. అక్కడ ఇదివరకే చేరి ఉంటే పెద్ద ఆపరేషను పెట్టి దానిని బాధించి లాభం లేదు. సన్నని సూదితో కాస్త తీసి గాజుపలక మీద పూసి చూడవచ్చును గాని, రొమ్ము కంతిలో అది మంచిదో చెడ్డదో ఆ సూదితో గట్టిగా తేలదు. కంతిని పూర్తిగా తీసి పరీక్షకు పంపితేనే తేలుతుంది. చర్మం మీద పుట్టే కంతులకైతే ఆ సూది పరీక్షే మొదటి మెట్టట.

ఎక్సురేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నవి. రక్తపరీక్షలో మూత్రపిండాలు వయసుకు తగినట్లు బాగానే ఉన్నవి. అయితే తీసివేయండి అని మేము అక్కడే అనవలసింది. అనలేదు. ఇంటిలో అడిగి చెబుతామన్నాము.

ఇంటిలో రెండు రోజులు కచేరీ జరిగింది. ఒక ప్రైవేటు క్లినిక్కులో 30 వేల పైచిలుకు చెప్పారు. వేపేరిలో సూదులు, మందులు, పరీక్షలు, ఆటో కూలి అన్నీ కలుపుకొన్నా మూడోవంతు మించదని లెక్క తేలింది. ఆ మూడోవంతు కూడా మాకు చిన్న మొత్తం కాదు. అమ్మాయి కాలేజీ ఫీజుకని మా ఆవిడ వేస్తున్న చీటీ అప్పుడే చేతికి వచ్చింది. మా అమ్మగారు, "మనుషులకే వైద్యం లేక పోతున్నారు, కుక్కకు ఇంత వైభోగమా?" అన్నారు. సోదరీ, మీ వారు అన్నదీ ఈ మాటే. ఇది తీసివేయవలసిన మాట కాదు. కుక్కకు వైద్యం చేయించలేకపోయిన ఇంటివారు నిర్దయులని మేము అనము. మా జీతం ఇంకొక ఐదువేలు తక్కువైతే మేము ఏమి చేసి ఉండేవారమో మాకు తెలియదు.

మా ఆవిడ భయం వేరు. ఆమె పెద్దన్నగారికి అడయారులో, ముత్తులక్ష్మీరెడ్డిగారు 1954లో స్థాపించిన ఆసుపత్రిలో, క్యాన్సరుకు వైద్యం జరిగింది. ఆయన పడిన వాంతులు, ఊడిన జుట్టు ఆమె దగ్గరుండి చూచింది. "మనిషి కనుక ఎందుకు ఓర్చుకొంటున్నదీ ఆయనకు తెలుసు. దీనికి ఎవరు చెబుతారు?" అన్నది. దానికి మా దగ్గర జవాబు లేదు.

తీరా పేచీ తెంచింది డాక్టరమ్మే. మేము మళ్ళీ పోయి, "ఏమీ చేయకపోతే ఏమవుతుంది?" అని అడిగాము. ఆ ప్రశ్న మొదటి రోజే అడగవలసింది. "ఏమీ చేయకపోవడం కూడా ఒక దారే సార్, కాని అది ఎట్లా నడుస్తుందో తెలిసికొని ఆ దారిన పొండి" అన్నారు. కంతి పెరిగి చర్మం పలుచబడి ఒకనాడు పగులుతుంది. పుండవుతుంది. కంపు కొడుతుంది. మన ఎండలకు, ఈగలకు పురుగు పడడానికి ఎంతో సేపు పట్టదు. అప్పుడు కుక్కను ఎవరూ దగ్గరకు రానివ్వరు. అంటే ఈ ఆపరేషను క్యాన్సరును జయించడానికే కాదు, ఆ పుండు రాకుండా చేయడానికి కూడాను. కోతనొప్పి పదిరోజులు, అదీ మందుతో అణిగేదే. మా ఆవిడ అప్పుడు, "అయితే పదిరోజులు నేను చూసికొంటాను" అన్నది.

కోత రోజు సంగతి మేము ఎక్కువ వ్రాయము. ఉదయం ఎనిమిదికి లోపలికి తీసికొని పోయారు, పదకొండున్నరకు తూలుతూ బయటికి వచ్చింది. వెనుక రెండు రొమ్ములూ, గజ్జలోని బిళ్ళా కలిపి తీశారు. కుట్లు నాకకుండా మెడకు బకెట్టు వంటిది తగిలించారు గాని, దానితో గోడలకు గుద్దుకొంటూ ఉంటే చూడలేక మా పాత బనీను తొడిగాము. ఆ బనీనులో దానికి పడిన సిగ్గు ఇంతా అంతా కాదు. వీధిలో కుక్కలు అరుస్తున్నా బయటికి తొంగి చూచేది కాదు. రెండోనాడు పెరుగన్నం తిన్నది. పన్నెండోనాడు కుట్లు తీశారు. కుక్కకు వైభోగమా అన్న మా అమ్మగారే రోజూ దానికి మాత్ర బెల్లంలో చుట్టి మింగించారు.

పరీక్ష కాగితం మూడు వారాలకు వచ్చింది. దుష్టమైనదే. అంచులలో మాత్రం ఏమీ మిగలలేదు, బిళ్ళ శుభ్రంగా ఉన్నది. ఇక మందుసూదుల ప్రశ్న వచ్చింది. కుక్కలకు ఈ మందులు ఇచ్చే పద్ధతి మనుషులకు ఇచ్చినంత కఠినంగా ఉండదనీ, ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉంచడమే ముఖ్యం కనుక మోతాదు తగ్గించి ఇస్తారనీ, జుట్టు కూడా చాల కుక్కలకు ఊడదనీ డాక్టరమ్మ చెప్పారు. మా ఆవిడకు అది కొత్త సంగతి. కాని రొమ్ము కంతిలో కోత అయిన తరువాత ఈ మందులు ఎంత మేలు చేస్తవో గట్టి రుజువు లేదని కూడా ఆవిడే చెప్పారు. మూడు వారాలకొకసారి ఆసుపత్రి, ప్రతిసారీ రక్తపరీక్ష. చిట్టికి వేపేరి గేటు చూస్తేనే కాళ్ళు వణికేవి. మేము వద్దన్నాము. ఆ "వద్దు" గూర్చి మాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. ఆ నాలుగు నెలల గూర్చి మాత్రం ఉన్నది.

పద్నాలుగు నెలలు బ్రతికింది. అందులో పదమూడు నెలలు దివ్యంగా బ్రతికింది. పాలవాణ్ణి అరిచింది, ఉగాదినాడు పచ్చడి నాకి మొగం చిట్లించింది, మిద్దె మీద కాకులను తరిమింది. 2024 నవంబరులో దగ్గు మొదలైంది. ఎక్సురేలో ఊపిరితిత్తులలో బఠాణీ గింజల వంటి మచ్చలు.

ఈసారి ఆపరేషను మాట లేదు. ఎప్పటిదాకా అన్నదొక్కటే ప్రశ్న. దీనికి కూడా ఒక లెక్క ఉన్నదని డాక్టరమ్మ వల్ల తెలిసింది. అమెరికాలో ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో కట్టిన లెక్క. నొప్పి (ఊపిరాడడం అందులోదే), ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డరోజులకంటె మంచిరోజులు ఎక్కువా కాదా అన్నది, ఈ ఏడింటికీ ఒక్కొక్కదానికి పదికి ఇన్నని మార్కులు వేయాలి. మొత్తం 35 దాటితే ఇంకా ఫరవాలేదు. లెక్క అంటే గుమాస్తాకు ప్రాణం గదా. ఆఫీసు డైరీ ఒకటి తీసి గీతలు గీచి రోజూ రాత్రి వేస్తూ వచ్చాము. 48, 45, 46. ఒకనాడు మా అమ్మాయి ఆ డైరీ చూచి, వేరే కాగితం మీద తన మార్కులు తాను వేసింది. మాకు 41 వచ్చినచోట దానికి 29 వచ్చింది. చిట్టి ఆ రోజు తోకతో నేలను ఒక్కసారి కొట్టినందుకు మేము సంతోషానికి ఏడు వేశాము. ఆఫీసులో ఎవరైనా అట్లాంటి పద్దు వేస్తే మేమే ఎర్రసిరాతో కొట్టివేసి ఉందుము.

చివరి సూదికి మా అమ్మగారు ఒప్పుకోలేదు. ప్రాణం పోసిన వాడే తీసికొంటాడు, మన చేత్తో ఎందుకన్నారు. మేము బలవంతపెట్టలేదు. ఆ రాత్రి చిట్టి పడుకోలేక, ముందుకాళ్ళు చాచి మెడ ఎత్తి కూర్చొనే ఊపిరి లాగుతూ ఉంటే, ఆవిడ దాని పక్కన పీట వేసికొని తెల్లవారేదాకా విసనకర్రతో విసిరారు. తెల్లవారి కాఫీ కూడా తాగకుండా, "ఆ డాక్టరును పిలువు నాయనా" అన్నారు. ఇంటికే వచ్చి ముందు మత్తు ఇచ్చి, అది పూర్తిగా పడుకొన్న తరువాత రెండో సూది వేశారు. ఎంతోసేపు పట్టలేదు. మా అమ్మాయి తల పట్టుకొన్నది.

ఇక మీ సంగతి, సోదరీ. మా చిట్టికి కుదిరింది మీ కుక్కకు కుదురుతుందని ఇదంతా వ్రాయలేదు. ఎముక కంతి వేరు. ఆ వయసు పెద్దజాతి కుక్కలో, ముందుకాలిలో, మీరు వ్రాసిన చోటనే పుట్టే దుష్టమైన ఎముక కంతి ఒకటి ఉన్నది. అదే అయితే ఎముకను లోపలి నుంచి తింటుంది; దాని నొప్పి చాల క్రూరం. మనవంటివారికి తెలియకుండా కుక్క ఓర్చుకొంటుంది, అంతే. అందులో కాలు తీసేది ముఖ్యంగా ఆ నొప్పి తీయడానికి. కాలు తీసి ఊరుకొంటే సామాన్యంగా నాలుగైదు నెలలు, తరువాత మందుసూదులు కూడా వేయిస్తే ఇంచుమించు సంవత్సరం అని డాక్టర్ల లెక్క. కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి తక్కువ. కాలు తీయకుండా నొప్పిమందులతో మాత్రమే గడిపితే అది కొద్ది వారాలు, నెలల మాట. ఆ ఎముక పుటుక్కున విరిగే ప్రమాదం కూడా ఉన్నది. మూడుకాళ్ళతో కుక్కలు మనం అనుకొనేదానికంటె సులువుగా నడుస్తవి. అయితే లాబ్రడారు బరువు కుక్క. మిగిలిన కాళ్ళ కీళ్ళు, తుంటి అరిగి ఉంటే కష్టం. కాలు తీయమనే ముందు డాక్టరు ఆ మూడు కాళ్ళను పరీక్షించాడా అని మీ వారిని అడగమనండి. లావెక్కిన ప్రతి ఎముకా క్యాన్సరు కాదు, చీము పట్టి కూడా ఉబ్బవచ్చును. కనుక కాలికి, రొమ్ముకు రెండింటికీ ఎక్సురే తీయించండి, ఎముకలో నుంచి ముక్క తీసి పరీక్ష చేయవలసి ఉంటుందేమో అడగండి. మీకు బెంగుళూరు దగ్గరే. 1958లో పెట్టిన హెబ్బాళ పశువైద్య కళాశాల ఉన్నది. ఊరికి ఆ చివర అన్నమాటే గాని, పొద్దున్నే బయలుదేరితే వరుసలో ముందుంటారు. అబ్బాయిని కూడా తీసికొని పొండి. డాక్టరు చెప్పేది వాడు కూడా విననీయండి.

ఒకటి మాత్రం ఎక్సురే దాకా ఆగవద్దు. ఆముదం మర్దనా ఈ రోజే మానివేయండి. గుల్లబారిన ఎముకను పిసకకూడదు. మెట్లు ఎక్కనివ్వవద్దు. కుంటుతున్నది గదా అని ఇంటిలో మనం వేసికొనే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయవద్దు. కుక్క కడుపులో రక్తం కారుతుంది, మూత్రపిండాలు పోతవి. కుక్కలకు వేరే నొప్పిమందులు ఉన్నవి, డాక్టరు వ్రాసి ఇస్తాడు.

ఎక్సురేలో ఏమి తేలిందీ ఒక కార్డు ముక్క వ్రాయండి. నాలుగు పేజీల ఉత్తరంలో మీరు కుక్క పేరు వ్రాయడం మరచినారు. అది కూడా వ్రాయండి.